బడి పచ్చగా ఉండాలంటే ఆ మాట ఎస్టిమేట్‌లో ఉండాలి

ఊళ్లో కొత్త తరగతి గది మంజూరైందంటే మొదట వినిపించే ప్రశ్న, స్లాబ్ ఎప్పుడు వేస్తారని. దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఎక్కడ కడుతున్నారు? ఎస్టిమేట్‌లో ఏమేం రాశారు? ఎండ, గాలి, వాన నీరు, కరెంటు బిల్లు, తుపాను, వీటన్నిటి సంగతీ పునాది తవ్వకముందే తేలిపోతుంది. పునాది పడ్డాక భవనాన్ని తిప్పలేం. ఎస్టిమేట్‌లో లేని పైపుకి బిల్లు పెట్టలేం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడి యాజమాన్య కమిటీ వాళ్లు, సర్పంచులు, సచివాలయ ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ ఉంది.

ముందు కాగితాలు

బడికి ఏమున్నాయి, ఏం లేవు అన్నది ప్రభుత్వానికి తెలిసేది బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ పోర్టల్ ద్వారానే. హెడ్‌మాస్టరు ఏటా నింపే ఆ వివరాల్లో "మరుగుదొడ్డి ఉంది, పనిచేస్తోంది" అని ఉంటే, నిజానికి దానికి తాళం పడి మూడేళ్లయినా కొత్తది మంజూరు కాదు. అందుకని ముందు బడి రిపోర్టు కార్డు ప్రింటు తీయించి ఆవరణలో తిరుగుతూ ఒక్కో గడీ సరిచూడాలి: గదులెన్ని, వాటిలో పెద్ద మరమ్మతు కావాల్సినవెన్ని, ర్యాంపు, నీళ్లు, కరెంటు, ప్రహరీ. తప్పులుంటే వివరాలు నవీకరించే సమయంలోనే దిద్దించాలి. విద్యా హక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడికీ కనీసం ఒక గది, ఆఫీసుకీ స్టోరుకీ కలిపి ఒక గది, ఆటంకం లేని దారి, మగపిల్లలకీ ఆడపిల్లలకీ వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షిత తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలి. ఈ జాబితాలో మీ బడికి లేనివేవో రాసుకుంటే అదే మీ ప్రతిపాదనకి మొదటి పేజీ. "మాకు మంచి బడి కావాలి" అన్న అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది. "ఫలానా నిబంధన ప్రకారం ఇవి మూడు లేవు" అన్న అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

రెండో కాగితం స్థలానిది. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉందన్నది, గ్రామ సర్వేయరు కొలిచిచ్చిన స్కెచ్ కావాలి. దాత నోటిమాటగా ఇచ్చిన స్థలంలో కడితే ఆయన వారసుల కాలంలో గొడవ మొదలవుతుంది, కాబట్టి రిజిస్ట్రేషన్ అయ్యాకే మార్కింగ్ ఇవ్వాలి. చెరువు గర్భం, బంద (చిన్న చెరువు), గెడ్డ (వాగు) పోరంబోకుల జోలికి వెళ్లొద్దు. చెరువులనీ ఉమ్మడి భూములనీ కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోనూ, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోనూ స్పష్టంగా చెప్పింది. పైగా చెరువు ఎప్పటికైనా తన చోటు తాను వెతుక్కుంటుంది. బడి ఆవరణని వేరే కార్యాలయాలకి పంచడం కూడా కుదరదు. బడుల్లో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టవద్దని రాష్ట్ర హైకోర్టు 2020లో ఆదేశించింది.

స్థలం ఎంపికలోనే సగం పచ్చదనం

ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలన్నది మన రాష్ట్రంలో విద్యా హక్కు నియమం. పట్టణ ప్రణాళికల వాళ్లు స్మార్ట్ గ్రోత్ అనేదానికి పల్లెల్లో అర్థం ఇంతే: ఉన్న రోడ్డు, ఉన్న నీటి పైపు, ఉన్న కరెంటు స్తంభం చుట్టూనే ఊరు పెరగాలి. బడి ఊరి మధ్య ఉంటే పిల్లలు నడిచి వెళ్తారు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరాన చవగ్గా దొరికిందని మెట్ట మీద కడితే ఆటో బాడుగలు, కొత్త అప్రోచ్ రోడ్డు, కాలువ, నీటి లైను, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ దాని వెంటే వస్తాయి. ఉచితంగా వచ్చిన స్థలం అన్నిటికంటే ఖరీదైనదిగా తేలడం ఇలాగే. స్థలాలు పోల్చేటప్పుడు ఈ ఖర్చులన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి గ్రామసభలో చదవాలి.

ఇందులో కష్టమేం లేదు. పిల్లలున్న ఇళ్లని గ్రామ పటం మీద చుక్కలుగా పెట్టండి. ప్రతిపాదించిన చోటు నుంచి చిన్నపిల్లల నడకకి పది నిమిషాలంటే దాదాపు 600 మీటర్లు. అంత దూరంతో గీత గీసి ఎన్ని చుక్కలు లోపల పడ్డాయో లెక్కపెట్టండి. తర్వాత దారిలో అడ్డొచ్చేవి గుర్తించండి: జాతీయ రహదారి 16, రైలు పట్టాలు, వానాకాలంలో పొంగే గెడ్డ. హైవేకి అవతల కట్టిన బడికి అండర్‌పాస్ లేకపోతే ఆ చోటు ఎంత బాగున్నా వద్దనడమే మంచిది.

వంశధార, నాగావళి పక్క ఊళ్లయితే ముంపు మట్టం అడగాలి. గుడి గోడ మీదో పాత అరుగు మీదో నీటి గుర్తు ఉంటుంది, పెద్దవాళ్లు చూపిస్తారు. బేస్‌మెంటు ఆ గుర్తుకి కనీసం 450 మిల్లీమీటర్లు పైన ఉండాలి. ముంపు లేని చోట కూడా నేల మట్టానికి 600 తగ్గకూడదు. పూసపాటిరేగ, భోగాపురం మొదలు ఇచ్ఛాపురం దాకా సముద్రపు ఒడ్డు పల్లెల్లో తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు అడ్డొస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లెల్లో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు కట్టడాలపై నిషేధం ఉంది. స్థానికుల కోసం కట్టే బడికి విడిగా అనుమతి అడిగే వీలుంది కానీ ఆ ఫైలు తేలడానికి చాలా కాలం పడుతుంది, కాబట్టి ముందు వేరే చోటు వెతకండి.

భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల పంచాయతీలకి ప్రత్యేకంగా ఒక మాట. లేఔట్లు వచ్చినంత వేగంగా బడి స్థలాలు రావు. లేఔట్‌లో పంచాయతీకి అప్పగించే 10 శాతం ఖాళీ స్థలం పార్కుకీ ఆటకీ ఉద్దేశించింది, అందులో బడి కట్టొద్దు. బడికి వేరుగా స్థలం కావాలని, సర్వే నంబర్లతో సహా, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకి తీర్మానం పంపాలి. బొబ్బిలి వైపు అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ బుడాకి, శ్రీకాకుళం వైపు సుడాకి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలకి ఇచ్చే గడువు దాటాక ఎంత మొత్తుకున్నా అది వినతిపత్రమే అవుతుంది.

పాత భవనాన్ని కూల్చేముందు ఒకసారి ఆగండి. గోడలు, పునాది గట్టిగా ఉండి పైకప్పు మాత్రమే కారుతుంటే మరమ్మతే పచ్చని పని. స్లాబ్ అడుగున రాడ్లు బయటపడి తుప్పు పెచ్చులు రాలుతుంటే మాత్రం ఇంజినీరు చేత పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పటిదాకా ఆ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

ఏ డబ్బు దేనికి

ఒకే పద్దు నుంచి అన్నీ రావు. గదికి డబ్బిచ్చే పద్దు వాన నీటి గుంటకి ఇవ్వదు, ఇంకుడు గుంటకి ఇచ్చేది సోలారుకి ఇవ్వదు. ఇది తెలియక మొత్తం పనిని ఒకే ప్రతిపాదనగా పంపితే "నిధులు లేవు" అని తిరిగొస్తుంది. విడగొట్టి పంపాలి.

తరగతి గదులు, పెద్ద మరమ్మతులు సమగ్ర శిక్ష, రాష్ట్ర ప్రభుత్వ బడి పథకాల నుంచి వస్తాయి. పని చూసేది సమగ్ర శిక్ష ఇంజినీర్లో, విద్య, సంక్షేమ మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థో, పంచాయతీరాజ్ విభాగమో. ముందుగా మండల విద్యాశాఖాధికారిని అడిగి తెలుసుకోండి. పంచాయతీ దగ్గరున్నది ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దాన్ని 60 శాతం టైడ్ (చెప్పిన పనులకే వాడాల్సినది), 40 శాతం అన్‌టైడ్ (పంచాయతీ అవసరాన్ని బట్టి వాడుకునేది)గా విడదీసింది. టైడ్‌లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. బడి పైకప్పు నీటిని గుంటకి మళ్లించడం, మరుగుదొడ్ల మరమ్మతు, చేతులు కడిగే తొట్టి నీరు తోటకి వెళ్లే ఏర్పాటు, ఇవన్నీ ఆ శీర్షికల్లోకే వస్తాయి. "బడి పని మాది కాదు" అని కార్యదర్శి అంటే, రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకి చెప్పిన 29 విషయాల్లో 17వది ప్రాథమిక, మాధ్యమిక విద్యేనని గుర్తుచేయండి. కొత్త గ్రాంటు కాలానికి వాటాలు మారవచ్చు, ఆ ఏడాది మార్గదర్శకాల కాపీ అడిగి తీసుకుని శీర్షిక పేరు యథాతథంగా తీర్మానంలో వాడండి.

ప్రహరీ, మొక్కలు, ఇంకుడు గుంట, ఆటస్థలం చదును వంటివి ఉపాధి హామీ పనుల జాబితాలో ఉన్నాయేమో మండలంలో ఆ పథకం చూసే అదనపు ప్రోగ్రాం అధికారి (ఏపీఓ) దగ్గర తాజా జాబితా చూడాలి. సామగ్రి ఖర్చు ఎక్కువయ్యే పనులు ఆ పద్దులో ఆగిపోతాయి, మట్టి పని ఎక్కువున్నవి సాగుతాయి. ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల స్థానిక అభివృద్ధి నిధులు) కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, బడి భవనాలకి అడగవచ్చు. పైడిభీమవరం వంటి చోట్ల పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులకైతే కలెక్టరు ద్వారా వెళ్లాలి. సోలారు, ఫ్యాన్లు, నీటి శుద్ధి యంత్రం లాంటి విడి వస్తువులు ఆ నిధులకి బాగా సరిపోతాయి. నిర్వహణకి బడి గ్రాంటు ఉంది: పిల్లలు 30 లోపు అయితే 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే ఖర్చుచేయాలి.

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. అందులో చేరి, పంచాయతీ పనులు, చెల్లింపులు నమోదయ్యే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కని పనికి తర్వాత చెల్లింపు జరగదు. కాబట్టి సెప్టెంబరులోనే యాజమాన్య కమిటీ తీర్మానం, ఇంజినీరింగ్ అసిస్టెంట్ వేసిన ముతక అంచనా సిద్ధంగా ఉండాలి. గ్రామసభ తీర్మానం ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

"మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ప్రస్తుత ఆవరణలోనే, సర్వే నంబరు ___లో, రెండు అదనపు తరగతి గదులను తూర్పు పడమరల పొడవుగా నిర్మించాలని సంబంధిత శాఖను కోరడమైనది. ఆ గదుల పైకప్పు వాన నీటిని ఇంకుడు గుంటకు మళ్లించే పనిని టైడ్ గ్రాంటు నీటి శీర్షిక నుంచి, అంచనా రూ. ___తో, ఈ ఏటి ప్రణాళికలో చేర్చడమైనది. నిర్వహణ బాధ్యత పంచాయతీ, యాజమాన్య కమిటీలది."

దిక్కు, స్థలం, పద్దు, బాధ్యత నాలుగూ అందులో ఉన్నాయి. "బడిని అన్ని విధాలా అభివృద్ధి చేయాలని తీర్మానించడమైనది" అన్న పాత మూస వాక్యంతో ఏ ఇంజినీరూ అంచనా వేయలేడు.

ఎస్టిమేట్‌లో వెతకాల్సినవి

సాంకేతిక మంజూరుకి వెళ్లకముందే డ్రాయింగు, అంశాల పట్టిక అడిగి తీసుకోండి. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఇవ్వడానికి వెనకాడితే కమిటీ తీర్మానంతో రాతపూర్వకంగా అడగండి.

దిక్కు. గది పొడవు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. మనం ఉన్నది సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఇక్కడ మార్చి మూడో వారం నుంచి సెప్టెంబరు మూడో వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, కాబట్టి దక్షిణపు కిటికీ మీద 600 మిల్లీమీటర్ల సన్‌షేడ్ ఉంటే 1.2 మీటర్ల ఎత్తు కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. దక్షిణం వైపు 2.4 మీటర్ల వరండా వేస్తే ఇంకా నయం. పడమటి గోడకి కిటికీ వద్దు. ఒంటిపూట బడి వదిలే వేళకి ఆ గోడ కాలడం మొదలవుతుంది, స్టోరు గదినో మెట్లనో అటు పెట్టండి. స్థలం ఉత్తర దక్షిణాలుగా ఇరుగ్గా ఉండి వేరే దారి లేకపోతే పడమటి వైపు వరండా తప్పనిసరి.

కిటికీలు. మన లాంటి ఉక్క ప్రాంతాలకి జాతీయ భవన నియమావళి చెప్పేది నేల విస్తీర్ణంలో ఆరో వంతు తెరుచుకునే చోటు. 6×8 మీటర్ల గది అంటే 48 చదరపు మీటర్లు, కనుక 8 చదరపు మీటర్లు కావాలి. 1.2×1.2 కిటికీలు ఆరు పెడితే 8.6 అవుతుంది. మూడు అటు, మూడు ఇటు, ఎదురెదురుగా. ఒకే వైపు ఆరు పెడితే గాలి ఆడదు. జారుడు రెక్కల అల్యూమినియం కిటికీ సగమే తెరుచుకుంటుంది, అందుకని దాన్ని సగం కిటికీగానే లెక్కించాలి. చాలా డ్రాయింగులు ఇక్కడే లెక్క తప్పుతాయి. బోర్డు పొట్టి గోడకి, వెలుగు పిల్లల ఎడమ పక్క నుంచి వచ్చేలా పెట్టాలి. బోర్డు పక్కనే కిటికీ ఉంటే అక్షరాలు మెరిసి కనబడవు.

పైకప్పు. ఒక అంతస్తు బడిలో వేడి ఎక్కువగా దిగేది స్లాబ్ నుంచే. వాటర్‌ప్రూఫింగ్ మీద తెల్లటి టైలు ముక్కలు పరిస్తే చాలాకాలం ఉంటుంది. అంత డబ్బు లేకపోతే ఏటా ఫిబ్రవరిలో సున్నం. కిలో రాతి సున్నానికి 5 లీటర్ల నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచాలి, ముతక గుడ్డలో వడగట్టాలి, ప్రతి 10 లీటర్లకి 40 గ్రాముల జిగురు వేడినీళ్లలో కరిగించి కలపాలి. రెండు పూతలు. జిగురు మానేస్తే మొదటి వానకే తెల్లగా కారిపోయి, ఆ నీరు వెళ్లి గుంటలో గడ్డకడుతుంది.

గోడ. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపల కట్టే పనుల్లో బూడిద ఉత్పత్తులు వాడాలన్నది 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్. పరవాడ సింహాద్రి కేంద్రం ఆ దూరంలోపే ఉంది కాబట్టి బూడిద ఇటుక అడగడం కోరిక కాదు, నిబంధన. చెట్లు నరికి కాల్చే బట్టీ ఇటుక అక్కర్లేదు. అయితే బూడిద ఇటుకతో వచ్చే తంటా ఒకటుంది. మూడు నాలుగు వారాలు తడపకుండా, తయారైన వారానికే లారీ ఎక్కిస్తే గోడ కట్టాక అది కుంచించుకుని మెట్లుమెట్లుగా పగులుతుంది. తయారీ తేదీ అడగండి. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి, మీటరు ఎత్తు నుంచి పడేస్తే ముక్కలవకూడదు. రోజంతా నీళ్లలో ఉంచితే పీల్చే బరువు 20 శాతం దాటకూడదు. టెక్కలి వైపు బళ్లకి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో మిగిలే ముక్కలు మెట్లకీ, వరండాకీ, తొట్టి గట్లకీ బాగా పనికొస్తాయి. నునుపు వైపు కిందకి పెట్టించండి, లేకపోతే వానలో పిల్లలు జారతారు.

తుపాను లెక్క

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. ఈ రెండు జిల్లాల్లో బడి అంటే తుపాను రాత్రి ఊరంతా తలదాచుకునే చోటు కూడా. గాలి ఒత్తిడి కోడు ఐఎస్ 875 మూడో భాగం, 2015 ఈ సంగతిని గుర్తించింది. తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల పట్టీలో కట్టే బడులకి 1.30 గుణకం వేయాలంటుంది, మామూలు ఇళ్లకి అది 1.0. ఇక్కడి తీరానికి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. డిజైను నోటులో ఈ రెండు అంకెలు ఉన్నాయా అని ఒక్క ప్రశ్న అడగండి. రాష్ట్రమంతటికీ ఒకే మోడల్ డ్రాయింగు పంపినప్పుడు ఇదే తప్పిపోతుంది.

సముద్రపు ఉప్పు గాలికి రాడ్డు త్వరగా తుప్పు పడుతుంది. తీర ప్రాంతపు గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటుకి కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెప్పేది ఎం-30 గ్రేడు, రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు), నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదని. అంటే 50 కిలోల బస్తాకి 22.5 లీటర్ల నీళ్లే. ఇసుక తడిగా ఉంటే అందులో నీటిని కూడా ఇందులోంచి తీసేయాలి. మిక్సరు దగ్గర గొట్టంతో పోస్తుంటే ఈ లెక్క ఎవరికీ అందదు, కొలత బకెట్టు పెట్టించండి. సముద్రపు ఇసుక, గవ్వలున్న ఇసుక ఎంత దగ్గరగా దొరికినా వద్దు. నది ఇసుకే తెప్పించాలి.

వంటగదికి రేకుల కప్పు వేస్తే అంచులు, చివర్లు, కొప్పు దగ్గర ప్రతి మడతకీ వాషరు ఉన్న స్క్రూ పడాలి. రేకు ఎగరడం మొదలయ్యేది ఎప్పుడూ అంచు నుంచే. ఆస్‌బెస్టాస్ రేకులు బడిలో అసలే వద్దు.

నీరు

ఇక్కడ ఏడాదికి దాదాపు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద, 20 శాతం పోయిందనుకున్నా, 88 వేల లీటర్లు దొరుకుతాయి. ప్రతి 60 చదరపు మీటర్లకి ఒక 110 మిల్లీమీటర్ల దింపుడు పైపు పెట్టాలి, పైన జాలీతో. మొదటి వాన నీరు దుమ్ము, పిట్టల రెట్టలతో వస్తుంది కాబట్టి మొదటి 2 మిల్లీమీటర్లని, అంటే 100 చదరపు మీటర్లకి 200 లీటర్లని, పక్కకి వదిలే వాల్వు ఉండాలి. మిగతాది గుంటకి. రెండేసి మీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంటలో రాళ్లు నింపాక మిగిలే ఖాళీ 40 శాతం, సుమారు 3,200 లీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 100 చదరపు మీటర్ల కప్పు నుంచి 4 వేల పైన వస్తుంది. ఉద్దానం ఇసుక నేలలో అది ఎప్పటికప్పుడు ఇంకిపోతుంది. జిగురు నేలలో రెండు గుంటలు కావాలి, పొంగే నీటికి కాలువ చూపించాలి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ముతక ఇసుక. పైన ఇసుక వేయకపోతే రెండేళ్లలో ఒండ్రు కిందదాకా దిగి గుంట మూసుకుపోతుంది, అప్పుడు మొత్తం తోడాల్సిందే. ఇసుక పొర అయితే ఏటా పైన నాలుగు అంగుళాలు తీసి మార్చితే చాలు.

మరుగుదొడ్డి గుంటలకీ బోరుబావికీ కనీసం 15 మీటర్ల దూరం. జంట గుంటల పద్ధతి మేలే గానీ, నీటి మట్టం పైపైనే ఉండే తీర గ్రామాల్లో గుంట అడుగుకీ వానాకాలపు నీటి మట్టానికీ మధ్య 2 మీటర్లు లేకపోతే ఆ పద్ధతి వద్దు, సెప్టిక్ ట్యాంకు కట్టాలి. 40 మంది పిల్లలకి ఒక దొడ్డి లెక్క. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుల నేపథ్యంలో, బోరు నీటినీ నిల్వ చేసిన వాన నీటినీ తాగడానికి వాడొద్దు. హిరమండలం జలాశయం నుంచి వచ్చే ఉద్దానం పథకపు కొళాయి బడికి వచ్చిందో లేదో చూసుకుని, ఏ నీరైనా గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.

కరెంటు

ముందు ఖర్చు తగ్గించి తర్వాత సోలారు. గదికి నాలుగు పాత ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), ఆరు పాత ట్యూబులు (40) అంటే 540 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు (30), ఎల్‌ఈడీలు (20) పెడితే 240. ఆరు గదులు, రోజుకి ఆరు గంటలు, 220 పనిదినాలు: ఏడాదికి సుమారు 2,370 యూనిట్లు మిగులుతాయి. ఇది చేశాక ఆ ఆరు గదులకి 3 కిలోవాట్ల సోలారు చాలు. దానికి నీడ పడని 30 చదరపు మీటర్ల పైకప్పు కావాలి, రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి. వేసవి సెలవుల్లో వచ్చేదంతా గ్రిడ్‌కి పోతుంది కనుక తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర, అలా పోయిన కరెంటుని లెక్కగట్టే నెట్ మీటరు తప్పనిసరి. అర్జీ పెట్టేముందు సర్వీసు హెడ్‌మాస్టరు హోదా పేరున ఉందా, పాత బకాయి ఉందా, మంజూరైన లోడు సోలారు సామర్థ్యానికి తగ్గకుండా ఉందా చూడండి. ఫైలు ఆగేది ఈ మూడింటి దగ్గరే. ఎస్టిమేట్‌లో రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ ప్రమాణాలతో పాటు గాలివేగం గంటకి 180 కిలోమీటర్లు, జింకు పూత 80 మైక్రాన్లు అని రాయించాలి. పలకల కాళ్లు స్లాబ్ మీద బోల్టు కొట్టడం కాదు, బీము మీద దిమ్మె కట్టి బిగించాలి. స్లాబ్‌కి రంధ్రం వేసిన ప్రతి చోటా రెండో ఏడు కారుతుంది.

పని నడుస్తున్నప్పుడు

బడి ఎత్తు 6 మీటర్లు లేదా స్థలం 500 చదరపు మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. పని మొదలవకముందే పెట్టుకోండి.

స్లాబ్ రోజు కమిటీ నుంచి ఇద్దరు తప్పనిసరిగా ఉండాలి. వాళ్లు చూడాల్సింది కవరు బ్లాకులు. కంకర ముక్కలు కింద పెట్టి రాడ్డు లేపడం అలవాటుగా జరుగుతుంది, అవి కాంక్రీటు పోసేటప్పుడు పక్కకి జరిగి రాడ్డు సెంట్రింగ్‌కి అంటుకుంటుంది. పదేళ్ల తర్వాత పెచ్చులూడేది సరిగ్గా అక్కడే. సిమెంటు దిమ్మెలే పెట్టించాలి. ఒక గది స్లాబ్‌కీ బీములకీ కలిపి 6 నుంచి 15 ఘనపు మీటర్ల కాంక్రీటు పడితే రెండు నమూనాలు, అంటే ఆరు క్యూబులు తీయాలి. వాటి మీద తేదీ గీయించి ఫొటో తీసుకోండి. తడపడం మామూలు సిమెంటుకి 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకి 10. మార్కెట్లో దొరికేది ఎక్కువగా రెండో రకమే కాబట్టి 10 అనుకోండి. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి, పొద్దున సాయంత్రం చల్లితే సరిపోదు. స్లాబ్ వెడల్పు 4.5 మీటర్లు దాటితే సపోర్టులు 14 రోజులు, 6 మీటర్లు దాటిన బీము కింద 21 రోజులు కదపొద్దు. సెంట్రింగ్ సామాను వేరే ఊరికి కావాలని మేస్త్రి తొందరపెడతాడు, ఒప్పుకోకండి.

బిల్లు ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో ఎక్కేముందు ఎస్టిమేట్ పట్టిక పక్కన పెట్టుకుని అంశం అంశం టిక్కు పెట్టండి. సన్‌షేడ్ కొలత, తెల్ల టైళ్లు, మొదటి వాన వాల్వు, స్క్రూలు. చివర్లో డబ్బు తగ్గినప్పుడు ఎగిరిపోయేవి ఎప్పుడూ ఈ చిన్నవే.

మొక్కలు గోడకి 6 మీటర్ల దూరంలో నాటాలి. కానుగ, వేప, నేరేడు, తీరంలో పొన్న మంచివి. తురాయి, నిద్రగన్నేరు, నీలగిరి త్వరగా పెరుగుతాయి గానీ పెనుగాలికి కొమ్మలు విరుగుతాయి, గదుల దగ్గర వద్దు. చేతులు కడిగిన నీరు అరటికీ, ఆకుకూరల మడికీ పారించవచ్చు. మధ్యాహ్న భోజనం గిన్నెలు తోమిన నీరు జిడ్డుగా ఉంటుంది, ముందు జాలీ తొట్టిలో నుంచి పోనివ్వాలి.

భవనం అప్పగించేటప్పుడు డ్రాయింగు కాపీ, వైరింగు పటం, పైపుల దారి, సోలారు వారంటీ కాగితాలు హెడ్‌మాస్టరు బీరువాలోనూ పంచాయతీలోనూ ఒక్కో సెట్టు ఉండాలి. మే నెలాఖరుకి పైకప్పు ఆకులు తీయడం, జాలీలు కడగడం, గుంట ఇసుక మార్చడం. సెప్టెంబరు నెలాఖరుకి, తుపానుల కాలం ముదరకముందే, సోలారు బోల్టులు, రేకుల స్క్రూలు బిగించడం, కిటికీల గడియలు చూడటం, గదుల మీదికి వంగిన కొమ్మలు కొట్టించడం. ఈ రెండు పనులకయ్యే కూలి బడి గ్రాంటులో నుంచే ఇవ్వవచ్చు, ముందుగా కమిటీ తీర్మానం రాసుకుంటే ఆడిట్‌లో ప్రశ్న రాదు.